గుడిస ఎక్కే ముందు గాలి తీయాలి

మారేడుమిల్లి నుంచి తెల్లవారుజామున గుడిస గడ్డికొండలకు బయల్దేరే జీపుల్ని చూస్తే, మన బండి మాత్రం ఎక్కదా అనిపిస్తుంది. మొదటిసారి నేను కొత్త లైట్లు, లావుపాటి బంపరు బిగించుకుని వెళ్లాను. రాళ్లు తేలిన ఓ మలుపులో చక్రాలు గిర్రున తిరిగాయే తప్ప బండి జానెడు కదల్లేదు. వెనక వస్తున్న జీపు డ్రైవరు దిగి, "టైర్లలో గాలెంత సార్?" అన్నాడు. 32 అన్నాను. నవ్వి, పుల్లతో వాల్వు నొక్కుతూ కూర్చున్నాడు. కాసేపటికి అదే బండి, అదే మలుపు, బుద్ధిగా ఎక్కింది.

అందుకే నా తయారీ ఇప్పుడు టైర్ల దగ్గరే మొదలవుతుంది. గాలి తగ్గితే టైరు కింద పరుచుకుని, నేలను తాకే భాగం పొడుగవుతుంది. రాయిని ఎగిరి దాటకుండా పట్టుకుని ఎక్కుతుంది. రాళ్ల దారికి 20-22 పీఎస్ఐ చాలు. మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. గాలి మీటరు, బ్యాటరీకి తగిలించే పంపు, మంచి స్టెప్నీ, జాకీ కింద వేయడానికి చెక్క పలక తప్పనిసరి. బురదలో చక్రం కిందకి రెండు గోనె సంచులు. లైట్లకు పోసిన డబ్బు వీటికి పోసుంటే నా పరువు దక్కేది.

ముందురోజు మెకానిక్ దగ్గర బండిని పైకెత్తించి అడుగు చూడండి. ఆయిల్ సంపు, డిఫరెన్షియల్, పెట్రోలు ట్యాంకు, సైలెన్సరు ఎక్కడున్నాయో కళ్లతో చూస్తే, ఏ రాయి మీద చక్రం పెట్టాలో, ఏది పక్కకి వదలాలో దారిలో తెలుస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి. థార్‌లోనూ వెనక చక్రాలతోనే నడిచే రకం ఉంది.

బండి ఇరుక్కుంటే, లాగే తాడును ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికే కట్టాలి, బంపరుకు కాదు. తాడు మధ్యలో తడి గోనె కప్పి, జనాన్ని దూరంగా నిలబెట్టాలి. బిగుసుకున్న తాడు తెగితే కొరడాలా తిరిగొస్తుంది.

అడవి దారి కాబట్టి అనుమతి ఉందో లేదో మారేడుమిల్లిలోనే అటవీ సిబ్బందిని అడగండి. సొంత బండిని వదలకపోతే జీపెక్కేయండి, చిన్నతనమేమీ లేదు.

ఎత్తు మొదలవక ముందే బండి ఆపి 'ఫోర్-లో' (ఫోర్ వీల్ డ్రైవ్‌లో తక్కువ వేగం గేరు) వేయాలి. ఇరుక్కున్నాక వేద్దామంటే అప్పటికే చక్రాలు గుంట తవ్వుకుని ఉంటాయి. దిగేటప్పుడు మొదటి గేరు, క్లచ్ మీద కాలు వద్దు. వాగొస్తే ముందు కర్రతో మనిషి దిగాలి. 2020లో వచ్చిన థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో నడుస్తుందని కంపెనీ చెబుతుంది, కానీ ఆ లెక్కలో ప్రవాహం లేదు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. లోపలికి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

తిరిగొచ్చి తారురోడ్డు తగలగానే ఫోర్ వీల్ తీసేసి, నాలుగు టైర్లకూ గాలి పట్టాలి. నా చిన్న పంపుకి ఒక్కో టైరుకు ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోగా టీ తాగొచ్చు.