చెవితో చదువు, తల్లీ

చిరంజీవి బుజ్జమ్మకు,



నీ ఉత్తరం అందింది. "జీవితమంతా చదువుతూనే ఉన్నావు కదా పెద్దమ్మా, నీకు బాగా ఇష్టమైన పుస్తకాలేవో చెప్పు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పు" అని అడిగావు. దాని కిందే, అంతా ఇంగ్లీషు మీడియం చదువు కావడంతో తెలుగు పేజీ ఒకటి కూడబలుక్కుని చదివేసరికి చాలాసేపు పడుతోందని దిగులుగా రాశావు. ఆ దిగులు అక్కర్లేదు. పుట్టినప్పటినుంచీ నువ్వు ఇంట్లో విన్నది తెలుగే. అలవాటు తప్పింది నీ కంటికి, చెవికి కాదు. కాబట్టి పైకి చదువు. నాకు ప్రాణమైన పుస్తకాల్లో చాలావాటిని నేను అలా గొంతెత్తి చదివే నావి చేసుకున్నాను. మన వచనంలో గొప్పదంతా మనుషులు మాట్లాడుకునే మాటలోంచి పుట్టింది. ఆ మాట చెవిన పడితేగాని దాని రుచి పూర్తిగా తెలియదు. నేను చెప్పబోయే పుస్తకాల్లో చాలావాటికి దారి ఇదే.

మా చిన్నప్పుడు ఇళ్ళల్లో చదివేది ఒకరు, వినేది అందరూ. మా నాయనమ్మకు అక్షరాలు రావు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చేటలో బియ్యం పోసుకుని కూర్చుని, చందమామ చదవమనేది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక అది. 1952 నుంచి కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని చూసుకున్నారు. ఆ తేట వచనం వెనక ఉన్నది ఆయన చెయ్యే. నేను చదువుతుంటే ఎక్కడైనా నాయనమ్మకు అర్థంకాకపోతే "మళ్ళీ చదువు" అనేది. రెండోసారీ అర్థంకాకపోతే, ఆ వాక్యం రాసినవాడికే సరిగ్గా తెలియదని తేల్చేసేది. చందమామలో ఆమె అలా ఆపిన చోట్లు చాలా తక్కువ. వారపత్రికల సీరియళ్ళలో మాత్రం తరచూ ఆపేది. మంచి వచనాన్ని గుర్తుపట్టే విద్య నాకు బడిలో కాదు, ఆ చేట పక్కన అబ్బింది.

ఇక పుస్తకాలు. మొదట మన విజయనగరం పుస్తకమే చెబుతాను, కన్యాశుల్కం. ముక్కుపచ్చలారని ఆడపిల్లల్ని డబ్బుకి ముసలివాళ్ళకు కట్టబెట్టే ఆచారం మీద గురజాడ అప్పారావు గారు రాసిన నాటకం. ఆనందగజపతి మహారాజు విశాఖ జిల్లాలో అలాంటి పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. నాటకాన్ని 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చువేశారు. అయినా గురజాడ గారు దాన్ని వదిలిపెట్టలేదు. ఎంతో పెంచి, కొత్తగా మలిచి 1909లో మళ్ళీ అచ్చువేయించారు. ఈరోజు మనం చదివేది ఆ రెండో కూర్పే. మధురవాణి అనే పాత్ర ఇంత మనిషిగా ఎదిగింది అందులోనే. మొదటి రంగం జరిగేది మన బొంకులదిబ్బ దగ్గర. దీన్ని ఒక్కదానివీ కూర్చుని చదవకు. నలుగురు స్నేహితుల్ని పోగుచేసి, పాత్రలు పంచుకుని చదవండి. గిరీశం ఇంగ్లీషు కలిపి కోసే కోతలు, అగ్నిహోత్రావధాన్లు చిర్రుబుర్రులు, రామప్పంతులు బడాయి, మధురవాణి నేర్పు, వీటిలో ఏ రెండిటికీ గొంతు కలవదు. పాత్ర పేరు చేత్తో మూసినా మాట్లాడుతున్నదెవరో తెలిసిపోతుంది. నవ్వుతూ నవ్వుతూ వెళ్ళి బాలవితంతువు బుచ్చమ్మ గతి తలుచుకుని ఆగిపోతారు. అక్కడ నాటకం మొదటినుంచీ ఎవరి పక్షాన నిలబడిందో మీకే తెలుస్తుంది.

రెండోది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలు. వేదం, సంస్కృతం తప్ప తెలుగు పనికిరాదనుకునే ఇంట్లో 1891లో పుట్టి, పట్టుబట్టి తెలుగు రచయిత అయిన మనిషి. ఆ పోరాటమంతా "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" అన్న స్వీయచరిత్రలో ఉంది. భాష కోసం తంటాలు పడుతున్న నీకు అది ధైర్యం ఇస్తుంది. కానీ ముందు "వడ్లగింజలు" చదువు. శంకరప్ప అనే చదరంగం ఆటగాడి కథ. పేజీలకు పేజీలు మాటలతోనే నడుస్తుంది. ఎవరు అన్నారు, ఎలా అన్నారు అని రచయిత అడ్డొచ్చి చెప్పడు. గోదావరి జిల్లా బ్రాహ్మణ ఇళ్ళ మాట, ముఖ్యంగా ఆడవాళ్ళ మాట, అంత నిక్కంగా పట్టుకున్న కలం మరొకటి నాకు కనబడలేదు. ఆయన సంభాషణ చదివేటప్పుడు తొందరపడకు. ఒక మాట విని అవతలి మనిషి ఎంతసేపు ఆగి జవాబిస్తాడో ఊహించుకుంటూ చదివితే కథ నీ ముందే జరుగుతుంది.

విశాఖపట్నం వెళ్తే రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు. లాయరు. కోర్టు వరండాల్లో పేదవాళ్ళ గోడు విన్నవారు. మద్యనిషేధం రోజుల్లో సారా అమ్ముకునేవాళ్ళు, పోలీసులు, వకీళ్ళు, కోర్టులు కలిసి నడిపిన తంతును "ఆరు సారా కథలు"లో రాశారు. ఆయన వాక్యం ఒక మాట చుట్టూ తిరిగి తిరిగి వస్తుంది, ప్రతిసారీ ఇంకాస్త బిగుస్తుంది. కంటితో చదివేవాళ్ళకు అది సాగదీతలా అనిపించవచ్చు. పైకి చదివితే ఆ లయ ఎందుకో వెంటనే తెలుస్తుంది. వాదిస్తున్న మనిషి ఊపిరి అది.

కాళీపట్నం రామారావు మాస్టారి "యజ్ఞం" 1964లో రాసిన కథ. సుందరపాలెం అనే ఊళ్ళో అప్పల్రాముడి అప్పు మీద పంచాయతీ. నేను దాన్ని మొదటిసారి మా నాన్నగారికి చదివి వినిపించాను. ఊరి తగవులు ఎన్నో చూసిన మనిషి ఆయన. ఒకరి వాదన అయ్యాక "న్యాయమే" అన్నారు. ఎదుటివాడి వాదన విని "అదీ న్యాయమే కదా" అన్నారు. ముగింపు విన్నాక మాత్రం, అన్నం మానేసి, అందరూ న్యాయమే మాట్లాడితే ఇలా ఎందుకయిందని నన్ను అడిగారు. ఆ ప్రశ్న అడిగించడానికే ఆ కథ రాశారు. న్యాయంగా కనిపించే ధర్మపన్నాల వెనక ఊరి ఆస్తి ఎలా చేతులు మారిందో చెప్పే కథ అది. అందులోని వాదనల్లో ఒక్కటీ వదలకుండా విన్నవాళ్ళకే ముగింపు తగులుతుంది. మధ్యలో పేజీలు దాటేసినవాళ్ళకు అదొక ఘోరంగా మాత్రమే మిగులుతుంది.

నువ్వు హైదరాబాదులో ఉంటున్నావు. మీ కాలేజీలో, బస్సులో రోజూ వినే తెలంగాణ మాటను పుస్తకంలో చూడాలంటే పాకాల యశోదారెడ్డి గారి "మా ఊరి ముచ్చట్లు" చదువు. పాలమూరు పల్లెలో ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. నాకది కొత్త యాస. మొదట్లో కంటికి తెలియని మాటలు పైకి చదివేసరికి చాలావరకు వాటంతటవే విడిపోయాయి. దాశరథి రంగాచార్య గారి "చిల్లరదేవుళ్ళు", వట్టికోట ఆళ్వారుస్వామి గారి "ప్రజల మనిషి" కూడా చదువు. నిజాం పాలనలో పల్లెల బతుకు, దొరల పెత్తనం, వెట్టి వాటిల్లో తెలుస్తాయి. ఆళ్వారుస్వామి గారు దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. చేతిలో పుస్తకం పట్టుకున్నప్పుడు అలాంటి మనుషుల్ని తలుచుకోవాలి.

రాయలసీమ నుంచి ఇద్దరు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి "పచ్చనాకు సాక్షిగా" చిత్తూరు జిల్లా మాటలో సాగే చిన్న చిన్న కథలు. పడుకునే ముందు రెండేసి చదువు. కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు" మాత్రం ఒకే బిగిన చదవాలి. ఈనడానికి అడవిలోకి పోయిన పందిని వెతుక్కుంటూ వెళ్ళిన ఒక ముసలివాడి కథ. రాసినాయన నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. ముసలివాడికి పేరు లేదు, పక్కన మాట్లాడడానికి మనిషి లేడు. అయినా ఒక్క క్షణం విసుగు పుట్టదు. నేను దీపం పెట్టాక మొదలుపెట్టి అయిపోయేదాకా లేవలేదు. తెలుగులో ఒక్క చిన్న నవల పేరే చెప్పమంటే నేను దీని పేరే చెబుతాను.

వీటన్నిటికన్నా పాతది, నాకు ఎంతో ఇష్టమైనది, ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్రచరిత్ర. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, మన వైపునుంచే కిందికి దిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పుస్తకం 1838లో అచ్చయింది. ఏ మజిలీలో నీళ్ళు బాగున్నాయి, ఏ వాగు దాటడం కష్టం, ఎక్కడ ఏ దినుసు దొరుకుతుంది, ఎక్కడి జనం ఎలాంటివాళ్ళు, అన్నీ రాశారు. రైలు లేని కాలంలో ఈ దేశం ఎంత దూరమో దాన్ని చదివాకే నాకు తెలిసింది. పక్కన మ్యాపు పెట్టుకుని, రోజుకు ఒక మజిలీ చొప్పున చదువు. పాత నుడికారానికి త్వరగానే అలవాటుపడతావు.

పరాయి దేశాల పుస్తకాలూ నాకు తెలుగులోనే పరిచయం. నండూరి రామమోహనరావు గారి అనువాదంలో టామ్ సాయర్ చదివి, మిసిసిపీ నది మా నాగావళి పక్కనే ఎక్కడో ఉందనుకున్న పిల్లను నేను. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వస్తే మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చవగ్గా దొరికేవి. గోర్కీ "అమ్మ"ను క్రొవ్విడి లింగరాజు గారి తెలుగులో చదివాను. తరవాత మాలతీ చందూర్ గారు "పాత కెరటాలు" శీర్షికలో ప్రపంచ నవలల కథలు చెబుతుంటే, ఇల్లు కదలని ఆడవాళ్ళు ఎందరో ఆ నవలల గురించి మాట్లాడుకున్నారు.

అన్నీ పైకి చదివేవే కావు. బుచ్చిబాబు గారి "చివరకు మిగిలేది" మౌనంగా చదవాల్సిన నవల. తల్లి గురించి లోకం అనే మాటలు దయానిధిని ఎలా వెంటాడాయన్నది మనసులో మనసుగా సాగుతుంది. దాన్ని ఇరవైల్లో ఒకసారి, నలభై దాటాక ఒకసారి చదువు. వయసులో అది దయానిధి కథ. నడివయసులో అతని చుట్టూ ఉన్న ఆడవాళ్ళ కథ. పద్యం, కవిత మాత్రం ఎప్పుడూ గొంతుతోనే చదవాలి. శ్రీశ్రీ గారి మహాప్రస్థానం మెల్లగా గొణిగితే సగం పోతుంది. తిక్కన గారి ఉద్యోగపర్వాన్ని తాత్పర్యం చూసుకుంటూ పైకి చదివితే, ఆ రాయబారాల్లో కన్యాశుల్కానికి ముత్తాతలు వినిపిస్తారు.

ఇక చదివే పద్ధతి. మొదట కథలు పట్టుకో, నవలలు తరవాత. తెలియని మాట దగ్గర ఆగకు, పెన్సిలుతో చిన్న గీత పెట్టి ముందుకు పో. కథ అయ్యాక వెనక్కి వచ్చి, సందర్భం బట్టి ఊహించు. ఊహకు అందకపోతే ఆ ఊరివాళ్ళను అడుగు, తరవాతే నిఘంటువు తీయి. వ్యవసాయం, నేతపని లాంటి వాటి మాటలకు భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశాలున్నాయి. వాటిలో మొదటిది 1962లో వచ్చింది. నచ్చిన కథను నెల తిరిగాక మళ్ళీ చదువు. రెండోసారీ నిలిచిన కథే నీది. ఎవరో గొప్పదన్నారని నచ్చని పుస్తకాన్ని మోయకు, అలాగని పది పేజీలకే తీసి పారేయకు. యాభై పేజీల దాకా అవకాశం ఇవ్వు.

వీలైతే ఎవరికైనా చదివి వినిపించు. మీ హాస్టల్లో స్నేహితురాలికి వినిపించు, సెలవుల్లో మీ తాతయ్యకు వినిపించు. వినేవాళ్ళు ఉంటే నువ్వు ఏ మాటనూ మింగెయ్యలేవు.

సంక్రాంతి సెలవులకు ఇక్కడికి రా. ఇద్దరం శ్రీకాకుళం వెళ్దాం. రామారావు మాస్టారు తనకు వచ్చిన అవార్డు డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరిలో ప్రారంభించిన కథానిలయం అక్కడుంది. తెలుగులో వచ్చిన ప్రతి కథనూ ఒక్కచోట చేర్చాలని ఆయన కోరిక. ఈలోగా "వడ్లగింజలు" సంపాదించి, ఈ వారమే మొదటి పది పేజీలు పైకి చదువు. ఎక్కడ ఆగిపోయావో, ఎక్కడ నవ్వావో నాకు ఉత్తరం రాయి. తెలుగులోనే రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ