వైద్యుడు, రచయిత, రాయబారి: డాక్టర్ పట్టాభి సీతారామయ్య
(పెద్ద తరగతుల పిల్లలకు, వాళ్లతో కలిసి చదివే అమ్మానాన్నలకు)

నవంబరు వచ్చిందంటే మీ బడుల్లో అందరూ ఎర్రని పాపీ పువ్వు పెట్టుకుంటారు, "ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్" చదువుతారు. ఆ కవిత రాసిన జాన్ మెక్రే ఒక డాక్టరు. ఆయన పుట్టిన గ్వెల్ఫ్ మన మిల్టన్‌కు దగ్గరే. వైద్యం చదివి కలం పట్టినవాళ్లు మన తెలుగునాట కూడా ఉన్నారు. వారిలో ఒకరు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. ఆయన వైద్యం మాని రచయిత అయ్యారు, ఆ తర్వాత రాయబారం కూడా నడిపారు. ఆ రాయబారం గురించి పెద్దలు ఈనాటికీ వాదించుకుంటారు.

బందరు డాక్టరు

పట్టాభి గారు 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. పేద కుటుంబం. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఎ., ఆ తర్వాత మద్రాసులోనే వైద్యం చదివి, మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. మచిలీపట్నాన్నే మనవాళ్లు బందరు అంటారు. ప్రాక్టీసు బాగా సాగుతున్న రోజుల్లో, 1916లో, దాన్ని వదిలేసి స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చేశారు.

అంతకుముందే, 1910లో, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. 1923 నవంబరులో అదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ మొదలైంది. ఉపన్యాసాలతోనే స్వరాజ్యం రాదని, మనవాళ్ల డబ్బు మనవాళ్ల పనులకు ఉపయోగపడే ఏర్పాటు కావాలని ఆయన ఆలోచన.

కలం పట్టిన చేయి

1919లో ఆయన "జన్మభూమి" అనే ఇంగ్లీషు వారపత్రిక మొదలుపెట్టారు. పేరు తెలుగువారికి బాగా తెలిసిన మాట, రాత ఇంగ్లీషులో! తన మాట దేశమంతా చేరాలంటే ఏ భాషలో రాయాలో ఆయనకు తెలుసు. 1935లో కాంగ్రెస్‌కు యాభై ఏళ్లు నిండినప్పుడు ఆ సంస్థ చరిత్రను ఇంగ్లీషులో పెద్ద గ్రంథంగా రాశారు. దానికి బాబూ రాజేంద్రప్రసాద్ ముందుమాట రాశారు. రెండో సంపుటం 1947లో వచ్చింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో ఆయనను అరెస్టు చేసి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. నెహ్రూ, పటేల్, ఆజాద్ ఉన్నది కూడా ఆ కోటలోనే. అక్కడ రాసుకున్న దినచర్య తర్వాత "ఫెదర్స్ అండ్ స్టోన్స్" పేరుతో పుస్తకంగా వచ్చింది.

రాయబారం

రాయబారి అనగానే మనకు కౌరవసభకు వెళ్లిన శ్రీకృష్ణుడు గుర్తొస్తాడు. రెండు పక్షాల మధ్య నిలబడి మాట్లాడడం రాయబారి పని. పట్టాభి గారు ఏ విదేశానికీ రాయబారిగా వెళ్లలేదు. తెలుగువారికీ, కాంగ్రెస్ పెద్దలకూ మధ్య నిలబడ్డారు.

ఆ రోజుల్లో తెలుగు జిల్లాలు చాలావరకు తమిళ జిల్లాలతో కలిసి మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. కాంగ్రెస్‌లోనైనా ఆంధ్రులకు విడి శాఖ ఇవ్వాలని 1917లో కలకత్తాలో పట్టాభి గారు పట్టుబట్టారు. అనిబిసెంట్ వద్దన్నారు. గాంధీజీ కూడా ఇప్పుడే ఎందుకు, కొంతకాలం ఆగవచ్చు కదా అన్నారు. తిలక్ మాత్రం సమర్థించారు. చివరికి విడి శాఖ వచ్చింది. 1920లో నాగపూరు కాంగ్రెస్ అన్ని ప్రాంతాల శాఖలనూ భాషల ప్రకారమే ఏర్పాటు చేయాలని తీర్మానించింది. గాంధీజీని అంతగా గౌరవించే మనిషే ఆయన ఎదుట నిలబడి తన వాదన వినిపించడం చిన్న సంగతి కాదు.

1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోసుతో పోటీపడి ఓడిపోయారు. బోసుకు 1580 ఓట్లు, ఈయనకు 1377. ఆ ఓటమి పట్టాభిది కాదు, నాది అని గాంధీజీ ప్రకటించారు. 1948లో మాత్రం పట్టాభి గారు గెలిచి జయపూరు కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు.

అసలు చిక్కు అప్పుడే వచ్చింది. భాషా రాష్ట్రాల సంగతి తేల్చడానికి కాంగ్రెస్ ముగ్గురితో కమిటీ వేసింది: జవహర్‌లాల్, వల్లభాయ్, పట్టాభి. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి దాన్ని జె.వి.పి. కమిటీ అన్నారు. దేశం రెండు ముక్కలై రెండేళ్లయినా కాలేదు. ఇప్పుడు భాషల పేరిట గీతలు గీయవద్దు, కొన్నేళ్లు వాయిదా వేద్దాం అని 1949 ఏప్రిల్‌లో కమిటీ చెప్పింది. ఆంధ్ర విషయం వేరనీ, మద్రాసు నగరంపై పట్టు వదులుకుంటే ఆ రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చనీ కూడా అంది. ముప్పై ఏళ్ల కిందట ఆంధ్రుల కోసం వాదించిన చేయే ఆ నివేదికపై సంతకం చేసింది. చాలామంది తెలుగువారికి అది మింగుడుపడలేదు.

ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. 58 రోజుల నిరాహారదీక్షతో పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండానే. అంటే నివేదికలోని షరతే నిజమైంది, కానీ దాని వెల ఒక నిండు ప్రాణం.

ఏం మిగిలింది?

పట్టాభి గారు 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. ఆయన పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మన ఇళ్లలో పాత పాసుబుక్కుల మీద మాత్రం ఆ పేరు ఇంకా ఉంది. ఆయన వాదించిన మాట, ప్రజల పని ప్రజల భాషలో జరగాలన్నది, బోర్డు తీసేస్తే పోయేది కాదు. వాడకపోతే మాత్రం పోతుంది. శనాదివారాల్లో మనం ఇక్కడ పలకా బలపం పట్టేది అందుకే.

కొత్త మాటలు

రాయబారం: రెండు పక్షాల మధ్య మాటలు నడపడం
దినచర్య: ఏ రోజు సంగతులు ఆ రోజు రాసుకునే పుస్తకం
మింగుడుపడకపోవడం: ఒప్పుకోవడానికి మనసు రాకపోవడం

ఆలోచించండి

1. పట్టాభి గారు తన పత్రికను ఇంగ్లీషులో ఎందుకు నడిపారు? మీరైతే ఏ భాషలో నడుపుతారు?
2. 1949లో ఆయన స్థానంలో మీరుంటే సంతకం చేసేవారా? తరగతిలో రెండు జట్లుగా విడిపోయి, తెలుగులోనే వాదించండి.
3. అమ్మమ్మనో తాతయ్యనో ఆంధ్రా బ్యాంకు గురించి అడిగి, వారు చెప్పింది ఐదు వాక్యాల్లో రాయండి.