ముందు ఏ సిలిండరో కనిపెట్టు

చి. చిన్నాకు,

షెడ్డుకు 1986 మోడల్ మారుతి 800 వచ్చిందనీ, మిస్సింగ్ పోవడం లేదనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మూడు ప్లగ్గులూ మార్చేశావట, రేపు కార్బురేటర్ విప్పుతానంటున్నావట. ఆగరా నాయనా. పానా పక్కన పెట్టి ముందు ఈ ఉత్తరం చదువు.

నువ్వు పని నేర్చుకున్నవన్నీ కంప్యూటర్ ఉన్న బళ్ళు. స్కానర్ పెడితే పీ0302 అని చూపిస్తుంది, రెండో సిలిండర్ మిస్సవుతోందని తెలిసిపోతుంది. ఈ బండికి ఆ నోరు లేదు. నీ చెవీ నీ చెయ్యే కనిపెట్టాలి. సామాను మార్చడం తర్వాతి సంగతి, ఏ సిలిండర్ పని చెయ్యడం లేదో ముందు తేలాలి.

వెనక సైలెన్సర్ దగ్గర కూర్చుని విను. 796 సీసీ ఇంజన్‌లో ఉన్నవి మూడే సిలిండర్లు. ఐడిలింగ్ 900 ఆర్‌పీఎం అనుకుంటే ఒక్కోటి నిమిషానికి 450 సార్లు మండాలి. ఒకటి మానేస్తే మూడో వంతు బలం పోయినట్టే, అందుకే బండి అంతలా ఊగిపోతుంది. చప్పుడు ఒకే వరసలో తప్పుతుంటే జబ్బు ఒక్క సిలిండర్‌ది. తీరూ తెన్నూ లేకుండా తప్పుతుంటే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని అనుమానించు: కాయిల్, రోటర్, పాయింట్లు, కండెన్సర్, పెట్రోలు వచ్చే దారి.

ఒక్క సిలిండరే అనిపిస్తే ఇంజన్ ఆపి ఒక ప్లగ్గు వైరు తియ్యి. దానికో పాత ప్లగ్గు తగిలించి, ఇంజన్ ఇనుముకు గట్టిగా ఆనేలా కట్టి, అప్పుడు స్టార్ట్ చెయ్యి. ఇంజన్ ఇంకా కుంగితే ఆ సిలిండర్ బాగున్నట్టు. ఏమీ తేడా రాకపోతే చచ్చింది అదే. వైరును మాత్రం గాల్లో వదిలెయ్యకు. అందులో ఉండేది వేల వోల్టులు, దారి దొరక్కపోతే కాయిల్‌నీ డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌నీ తినేస్తుంది. బండి నడుస్తుండగా వట్టి చేత్తో ముట్టుకోకు.

ఇంకో ఉపాయం ఉంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక నిమిషం ఆగి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గొట్టాల మీద తలా ఒక నీటి చుక్క వెయ్యి. పని చేస్తున్న సిలిండర్ల దగ్గర చుక్క చుయ్యిమని ఎగిరిపోతుంది. చచ్చినదాని దగ్గర అలాగే నిలబడి మెల్లగా జారుతుంది.

ఆ సిలిండర్ ప్లగ్గు విప్పి వెలుగులో చూడు. బిస్కెట్ రంగులో ఉంటే మంచిదే. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకెక్కుతోంది. పెట్రోలుతో తడిగా ఉంటే స్పార్క్ సరిగ్గా రావడం లేదన్న అనుమానం మొదట రావాలి. ఆ ప్లగ్గును పక్క సిలిండర్‌కు మార్చు. మిస్సింగ్ దానితో పాటు వెళ్ళిందా, ప్లగ్గే దొంగ. వెళ్ళలేదా, తర్వాత వైరు మార్చి చూడు. ఒకేసారి రెండు మార్చావంటే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆటోనగర్‌లో కొత్తల్లో నేనే ఆ తప్పు చేశాను. వానాకాలంలో ఒక మారుతి వచ్చింది. పొద్దున మిస్సింగ్, మధ్యాహ్నానికి నికరంగా నడిచేది. ప్లగ్గులు మార్చాను, వైర్లు మార్చాను, కార్బురేటర్ దింపి కడిగాను. బండాయన అడిగినంతా ఇచ్చాడు, మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చాడు. ఆ రాత్రి షెడ్డులో లైటు తీసేసి, బానెట్ ఎత్తి ఇంజన్ నడిపాను. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ పక్కన సన్నటి నీలి దారం లాంటిది పాకుతూ కనిపించింది. వెంట్రుకంత పగులు. చెమ్మ తగిలితే స్పార్క్ అందులోంచి జారిపోతోంది, ఎండెక్కి ఆరితే మానేస్తోంది. అన్ని రోజులూ ఆ పగులు నా కళ్ళ ముందే ఉంది. ఆయన డబ్బు తిరిగిచ్చాను గానీ, ఆయన తిరిగిన తిరుగుళ్ళు తిరిగివ్వలేకపోయాను.

ఇక ఉమ్మడి సామాను సంగతి. పాయింట్లు కాలి గుంటలు పడి ఉంటే కండెన్సర్ కూడా చూడు. గ్యాప్ కంటితో కాదు, ఫీలర్ గేజితో పెట్టు. ఐడిలింగ్‌లోనే మిస్సయి స్పీడులో సర్దుకుంటే ఎక్కడో గాలి లాగుతున్నట్టు. ఇన్‌టేక్ జాయింట్ల మీద సబ్బు నీళ్ళు చల్లి విను, పెట్రోలు మాత్రం వద్దు. స్పార్కూ పెట్రోలూ రెండూ సరిగ్గా ఉన్నా ఆ సిలిండర్ లేవకపోతే కంప్రెషన్ కొలవాలి. తక్కువ వస్తే చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలువు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో.

రేపు పొద్దున ఆ నీటి చుక్క వేసి చూడు. ఏ సిలిండరో నాకు ఫోన్ చేసి చెప్పు. అంతవరకూ కార్బురేటర్ స్క్రూ ఒక్కటి కూడా ముట్టుకోకు.

ఇట్లు,
మీ పెదనాన్న