పడవల ముందు నువ్వు పట్టాలె

సిరిసిల్ల

అల్లుడా,

మొన్న కోరుట్ల నుంచి అక్క ఫోన్ చేసింది. సగంసేపు ఏడుసుడు, సగంసేపు తిట్టుడు. "నీ అల్లుడు జగిత్యాలల పడవ కొన్నడు, కారు మీద కట్టుకొని తిరుగుతున్నడు, ఆదివారమొస్తే పొద్దుగూకేదాక మనిషి ఫోన్ ఎత్తడు" అన్నది. నేను నవ్విన. అందుకు నాకూ పడ్డయి. మన ఇంట్ల నీళ్ల పేరెత్తితే అక్క ఎందుకట్ల అయితదో నీకు తెల్వంది కాదు, ఆ ముచ్చట ఇక్కడ ఎత్తను.

పడవ కొన్నందుకు నిన్ను ఒక్క మాట కూడ అనను. నన్ను నిద్రపట్టకుండ చేసింది పడవ కాదు, నువ్వు పంపిన లిస్టు. "మామా, ఇంకేమన్న తక్కువైనయా చూడు" అని అడిగినవు. చూసిన. నాలుగు కట్టెలు, నాలుగు రీళ్లు, మూడు డబ్బాల నిండ రబ్బరు ఎరలు, నీళ్ల కింద చేపను చూపెట్టే మిషను, దానికొక బ్యాటరీ, లంగరు, ఐసు డబ్బా, కెమెరా నిలబెట్టే రాడ్డు. పడవేమో పది అడుగులు. అండ్ల నువ్వెక్కడ కూసుంటవురా?

ఆ పడవ మీద ఎంత బరువు మోస్తదని కంపెనీ రాసి ఉంటది. ఆ అంకెల మూడోవంతు తీసెయ్యి. మిగిలిన దాంట్లకెల్లి నీ ఒంటి బరువు తీసెయ్యి, నిజం బరువు, పెళ్లిసూపులకు చెప్పేది కాదు. ఇగ మిగిలినంతనే నీ సామాను. అండ్ల కూడ నీ ఎనుక ఎత్తుగ పేర్చుకుంటే పడవ మాట వినదు. బరువు కిందికి, నడిమికి ఉంటేనే అది నిలకడగ ఉంటది. ఎనుక డబ్బా కోసం నడుము తిప్పి చెయ్యి చాపినవనుకో, నీ ఒళ్లు ఒకదిక్కు, పడవ ఒకదిక్కు. చిన్న పడవలల్ల చేప గుంజంగనే కాదు, ఏదో అందుకోబోయి కూడ పడుతరు. అందుకే నా లెక్క ఒక్కటే: కూసున్నకాన్నుంచి నడుము తిప్పకుండ, కండ్లు మూసుకొని చెయ్యికి అందనిది పడవల ఉండొద్దు.

నువ్వు చూసే వీడియోలల్ల అమెరికావాళ్లు ఇవన్ని పెట్టుకుంటరు, నిజమే. వాళ్లు కొట్టే బాస్ చేప వేరు, వాళ్ల నీళ్లు వేరు. మన చెరువులల్ల ఆ జాగల ఉన్నది కొర్రమీను. తుంగల, తామరాకుల కింద నక్కి ఉంటది, కప్ప కదిలితే కొడుతది. దానికి మొప్పలతోని ఊపిరి చాలదు, గాలి పీల్చుకొనేతందుకు పైకి రాక తప్పదు. నీళ్ల మీద "బుడుక్" అని అయిన జాగ చూసినవంటే మిషను చూసినట్టే. నడుము లోతు నీళ్లల్ల, నాచుల, ఆ మిషను నీకు నాచే చూపెడ్తది. వేల రూపాయలు పోసి నాచు చూసుడెందుకు?

మా కాలంల లారీ ట్యూబే మాకు పడవ. రాత్రి డ్యూటీ దిగి, నేనూ నా దోస్తు సైకిళ్ల మీద గంభీరావుపేట దాటి నర్మాల పోతుంటిమి. ట్యూబు మెడల ఏసుకొని తొక్కుడు, కాడికి పోయినంక గాలి కొట్టుడు. మధ్యల బస్టాండు కాడ హోటల్ల చాయ్, మిర్చి. ఆ హోటలాయన మా మెడలల్ల ట్యూబులు చూసి "ఎవలి లారీ దిగగొట్టిండ్రురా" అని రోజూ అదే మాట. రాత్రంత మరమగ్గాల కాడ, సాంచాల చప్పుడుల ఉండి వచ్చినోళ్లం, నీళ్ల నడిమికి పోయినంక కూడ చెవులల్ల సాంచ కొట్టుకుంటనే ఉండేది. అది తగ్గేవరకు పొద్దు నెత్తిమీదికొచ్చేది. నర్మాల నిజాం కాలపు కట్ట. ఆ కట్ట నీడల కూసుంటే ఎండ తెల్వది. మా సామానా? ఒక వెదురుకట్టె, దానికి తంగూసు, ఒక బెండు, చొక్కా జేబుల అగ్గిపెట్టెల రెండుమూడు కొక్కాలు. ఎర్రలు కొబ్బరిచిప్పల. చేపలు పడ్డయా అంటే కొన్నిసార్లు పడ్డయి. బతికిన కప్పను కొక్కేనికి గుచ్చుడు కూడ చేసినం, నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. ఇప్పుడు రబ్బరు కప్పలొచ్చినయి, కొక్కాలు పైకి, నడుముకు అతుక్కొని ఉంటయి, తుంగల మీదికెల్లి జారుకుంట పోతయి, నాచుల ఇరుకవు. మంచి వస్తువు. నేను కొత్త సామాను వద్దనెటోణ్ని కాదు, రెండు కప్పలు తీసుకపో, ఇరవై ఎందుకు?

ఎండల తిరిగి నల్లగ అయినవని అక్క అన్నది. టోపీ పెట్టుకుంటున్నవా? మీ అత్త నీకని సర్వపిండి చేసి ఎదురుచూసింది పోయిన వారం. రాలే నువ్వు.

నువ్వే ఒకసారి నాకు జార్జి పెర్రీ కథ చెప్పినవు, మర్చిపోయినవా? 1932 జూన్ 2న అమెరికాల జార్జియా రాష్ట్రంల, ఇంట్ల చేసుకున్న పడవల, ఆయనా ఆయన దోస్తూ ఇద్దరికి కలిసి ఒక్క కట్టె, ఒక్క ఎరతోని పోయిండ్రని. పట్టిన బాస్ పది కిలోల పైచిలుకు. 2009ల జపాన్ల బీవా సరస్సు కాడ ఒకాయన దానికి సరిసమానంగ పట్టిండు గని, దాన్ని మించింది పట్టినోడు రికార్డుల లేడు. ఆ పెర్రీ ఇంటివాళ్లు ఆ చేపను వండుకొని తిన్నరట, గది నాకు మస్తు నచ్చింది. ఇద్దరికి కలిసి ఒక్క కట్టె! నీకొక్కనికి నాలుగు.

ఇగ అసలు ముచ్చట. దారం.

నువ్వు లిస్టుల కట్టెల పేర్లు రాసినవు, రీళ్ల పేర్లు రాసినవు, దారం గురించి ఒక్క ముక్క లేదు. సిరిసిల్లల పుట్టిన అక్క కొడుకువు, దారం సంగతి రాయకపోతవా? చేపకూ నీకూ నడుమ ఉన్నది అదొక్కటే. మిగిలినయన్ని అలంకారం. సాంచల పోగు తెగితే ఏం చేస్తుంటిమి? ఆపి, రెండు కొసలు ఏళ్ల సందున పట్టి, చూడకుండనే ముడేసి, తోక కత్తిరించి, మళ్ల నడిపిస్తుంటిమి. ఆ ముడి ఫణి పండ్ల సందుకెల్లి తట్టకుండ పోవాలె. లావు ముడేస్తే అక్కడ్నే మళ్ల తెగుతది, ఆసామి మీదికొస్తడు. పదిహేనేండ్లప్పుడు నాకు ముడి నేర్పినాయన దీపం ఆర్పేసి వెయ్యమనేటోడు. చీకట్ల రాకుంటే వచ్చినట్టు కాదనేటోడు. ఆయన బీడీ తాగితే బూడిద మగ్గం మీద పడకపోయేది, అదెట్లనో నాకు ఇప్పటికీ తెల్వదు. సరే, దారం.

కొర్రమీనుకు అల్లిన దారం వాడు. సాగదు, సన్నగుండి కూడ బలంగ ఉంటది, తుంగల నుంచి చేపను ఈడ్చుకొస్తది. కొర్రమీను నోరు ఎముకే, దారం సాగితే కొక్కెం దిగదు. తంగూసు మంచిదే, గని సాగుతది, నీళ్లు తాగి మెత్తబడుతది, ఎండకు పెళుసైతది. అల్లిన దారానికున్న ఐబు ఏందంటే నున్నగుంటది, మామూలు ముడి జారిపోతది. అందుకని ఇట్ల వెయ్యి: దారం మడతపెట్టి ఆ మడతను కొక్కెం కంట్లకెల్లి దూర్చు. మడతతోనే వదులుగ ఒక ముడెయ్యి. మిగిలిన ఉచ్చులకెల్లి మొత్తం కొక్కాన్ని దాటియ్యి. అప్పుడు నోట్ల పెట్టుకొని తడిచెయ్యి, మెల్లగ గుంజు. తడి లేకుండ గుంజితే రాపిడికి దారం కాలుతది, తంగూసు మరీ. కంటికి కనపడది, చేప పడ్డప్పుడు తెలుస్తది. నీ కెమెరా రాడ్డు కన్న ఆ ఉమ్మి ఎక్కువ పనిచేస్తది.

ప్రతి చేప పడ్డంక, మోడుకు తట్టినంక, కొక్కెం మీదికెల్లి మూరెడు దారం చూపుడువేలు, బొటనవేలు నడుమ పట్టి దువ్వు. గరుకు తగిలిందా, అక్కడికి కోసెయ్యి, మళ్ల ముడెయ్యి. దారం పోతదని పిసినారితనం చెయ్యకు. ఇది ఒక్క కట్టెకు అయితే చేస్తవు. నాలుగింటికి చేస్తవా? చెయ్యవు. నాలుగు రీళ్లల్ల ఏ దారం ఎప్పుడు ఎక్కిచ్చినవో, ఏది ఎండల ఎన్ని దినాలున్నదో నీకే యాదికుండది. గందుకే ఒక్క కట్టె అంటున్న, పైసల గురించి కాదు. ఒక్క దారమైతే దాని ఆరోగ్యం నీ ఏళ్లకు తెలుస్తది. సోమవారం నుంచి రోజు రాత్రి లైటు బంద్ చేసి ఈ ముడి వెయ్యి. టీవీ చూసుకుంట కాదు. నవ్వుతున్నవా? నవ్వు.

నువ్వు పోయే మధ్యమానేరు డ్యాము ఊరి చెరువు అనుకోకు. నిండితే పాతిక టీఎంసీల పైన నీళ్లు. ఆ నీళ్ల కింద కొదురుపాక ఉన్నది, రుద్రవరం ఉన్నది, సంకెపల్లి, నీలోజుపల్లి, చీర్లవంచ, చింతల్‌ఠాణా ఉన్నయి. మనం బారాత్‌లకు పోయిన ఊర్లు. వరదవెల్లి దత్తాత్రేయుని గుట్టకు నీళ్లు పెరిగితే పడవల పోవాలె. నీళ్లు తగ్గినప్పుడు చెట్ల మోడులు తేలుతయి, నీళ్లున్నప్పుడు అవే కింద ఉంటయి. నీ ఎనుక నిలబెట్టిన నాలుగు కట్టెలు కొమ్మలకు తట్టుకుంటయి, లంగరు మోడుకు ఇరుకుతది. లంగరు పక్కకు కట్టినవంటే గాలికి పడవ బోర్లపడుతది, కట్టితే ముందటి కొసకో ఎనుక కొసకో కట్టు, తాడు కోసే కత్తి చేతికందే జాగల పెట్టుకో. వరద కాలువలకైతే అసలే దిగకు. ఆ గోడలు ఏటవాలు, నున్నన, పడ్డోడు పట్టుకొని ఎక్కనీకి ఏం ఉండది. 2025 ఆగస్టుల నర్మాల కాడ వాగుల చిక్కిన రైతులను హెలికాప్టర్ పెట్టి తేవలసివచ్చింది. వాళ్లు పుట్టి పెరిగిన జాగ అది.

ఇంకో మాట, దీన్ని సలహా అనుకోకు, హుకుం అనుకో. ఆ నీళ్ల మీద బతికేటోళ్లు మత్స్య సొసైటోళ్లు. సర్కారు పోసే పిల్లచేపలు పెద్దగైతేనే వాళ్ల పొయ్యి మండుతది. దిగే ముందు వాళ్లను అడుగు. నీళ్ల మీద ప్లాస్టిక్ సీసాలు వరుసగ తేలితే కింద వల ఉన్నట్టు, పక్కకెల్లి పో. నీ లంగరు పడి వల చినిగిందంటే ఆ పొద్దుటి కూలి పోయినట్టే. వానకాలం మొదట్ల నీళ్ల మీద ఎర్రటి పిల్లలు ముద్దగ కదులుతుంటే అవి కొర్రమీను పిల్లలు, తల్లిదండ్రులు కిందనే కాపలా ఉంటయి. అప్పుడు కప్ప ఏస్తే అది తినేతందుకు కాదు, పిల్లల మీది కోపానికి కొడుతది, సులువుగ పడుతది. అట్ల పట్టకు. దాన్ని పట్టినవంటే ఆ పిల్లల ముద్దంత వేరే చేపల పాలు.

అయితే ఏం పెట్టుకోవాలె అంటవు. ఒక కట్టె, ఒక రీలు, ఒడిల పట్టే చిన్న డబ్బాల రెండు కప్పలు, నాలుగు కొక్కాలు. కొక్కెం తీసేతందుకు కటింగ్ ప్లేరు, కత్తి, రెండూ తాడుతోని పడవకు కట్టి. మంచినీళ్లు, విజిలు, కవర్ల చుట్టిన ఫోను. తెడ్డుకు కూడ తాడు కట్టు, పడవ కన్న ముందుగాల కొట్టుకపోయేది అదే. ఐసు డబ్బా గట్టున పెట్టు, చేప పడితే గట్టుకు వస్తవు గద. మిషను అమ్ముడుపోతే అమ్ము, లేకపోతే నీ మేనల్లుని ఆటకియ్యి.

లిస్టు రెండుసార్లు చదివిన. అండ్ల ఇన్నుండి, లైఫ్ జాకెట్ లేదు. ఈత వస్తదని నాకు చెప్పకు, నీకు ఈత నేర్పింది నేనే. ఈ ఆదివారం పడవ దించే ముందు జాకెట్ కొను, ఏసుకో, బక్కల్స్ పెట్టుకో, ఫొటో తీసి నాకు పంపు. అది వచ్చినంకనే నా ఉత్తరం నీకు అందినట్టు లెక్క.

మీ మామ