ఎదిగెడు ఎముక

బాలబాలికలారా! ఇంటి గోడపై ఏటేట మీ ఎత్తును గీతగా గీచుకొనువారు మీలో కొందరుందురు. నిరుటి గీతకంటె ఈయేటి గీత నాలుగు వ్రేళ్లు పైకి పోయినచో మీకు కలుగు సంతోషము ఇంతింత కాదు. ఐతే ఆ పెరుగుదల శరీరములో ఎక్కడ జరుగుచున్నదో ఎన్నడైనను ఆలోచించితిరా?

ఎముక రబ్బరువలె సాగి పెరుగదు. పొడవైన ఎముకల కొనలకడ మృదులాస్థితో ఏర్పడిన పలుచని పలక యొకటి యుండును. దీనిని పెరుగుదల పలక యందురు. ఇందు క్రొత్త కణములు వరుసలుగా పుట్టుచు, క్రమముగా గట్టిపడి ఎముకగా మారుచుండును. ఎదుగుట ముగిసిన పిదప పలకయు ఎముకలో కలిసిపోవును. అంతవరకు ఎముకలో అన్నిటికంటె మెత్తనిచోటు అదియే. మనకు ఎత్తు నిచ్చు చోటే మన బలహీనపు చోటు కూడ అగుట గమనింపదగిన విషయము.

తొడ ఎముక పైకొన బంతివలె గుండ్రముగా నుండి, కటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో అమరియుండును. కావున తుంటి కీలును బంతిగిన్నె కీలు అందురు. బంతికిని దాని క్రింది మెడకును నడుమ ఒక పెరుగుదల పలక కలదు. మనము నడచునపుడును, పరుగెత్తునపుడును, దుముకునపుడును శరీరభారము దీని మీదుగానే పోవును.

కొందరు పిల్లలకు 10 మొదలు 16 ఏండ్ల వయస్సులో ఈ పలక భారము నోర్వలేక జారును. పచ్చి గార ఆరకమునుపే గోడను ప్రక్కకు నెట్టినచో ఇటుకకును ఇటుకకును పొందిక తప్పును గదా! ఇదియు అట్టిదే. బంతి గిన్నెలోనే నిలిచియుండును. మెడ ముందునకును పైకిని జరుగును. వైద్యులు దీనిని 'స్లిప్డ్ క్యాపిటల్ ఫెమరల్ ఎపిఫిసిస్' అందురు. మనము 'తుంటి పలక జారుట' యని చెప్పుకొనవచ్చును.

ఈ సంగతి నాకు పుస్తకము వలన తెలియలేదు. నా శిష్యుడొకడు నేర్పినాడు.

2018వ సంవత్సరము సెప్టెంబరు 24న హైదరాబాదులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రోరైలు నడుచుట మొదలయ్యెను. తరువాతి సంవత్సరము నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఎల్.బి.నగర్‌లో రైలెక్కి, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి స్టేషనులు దాటి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి బడికి వచ్చుచుండెను. వయస్సు 13 ఏండ్లు. కొంచెము స్థూలకాయుడు, మిక్కిలి చురుకైనవాడు.

ఆ బాలుడు వానకాలమున తరచుగా ప్రార్థనకు ఆలస్యముగా వచ్చుట మొదలిడెను. ఒకనాడు కారణ మడిగితిని.

"మోకాలు నొప్పి సార్!" అనెను.

"నిన్న సాయంకాలము బంతి వెంట పరుగెత్తిన మోకాలికి ఈనాడు ప్రార్థనవేళకే నొప్పి పుట్టెనా?" అని నేనంటిని. పిల్లలందరు నవ్విరి. బాలుడు తల వంచుకొనెను. ఆ దినము మొదలుకొని నొప్పి యను మాట వాని నోట రాలేదు. ఆ పరిహాసమునకు నేనిప్పటికిని చింతించుచున్నాను.

ఇంటిలో తల్లి మోకాలికి గోరువెచ్చని నూనె రాచెను. మోకాలికి ఎక్స్‌రే తీయింపగా దోషమేమియు కనబడలేదు. ఎదిగెడు పిల్లలకు ఇట్టి నొప్పులు సహజమని ఇరుగుపొరుగువారనిరి. రెండు నెలలు గడచెను. నడచునపుడు వాని కుడిపాదము వెలుపలి వైపునకు తిరిగియుండుటను బడిలో అందరమును చూచితిమి, ఎవ్వరమును ఆలోచింపలేదు.

ఒకనాటి ఉదయమున స్టేషను మెట్లు దిగుచు వాడు జారిపడెను. పడినది రెండు మెట్లే. ఐనను లేవలేకపోయెను. దారిని పోవువారు చంకలు పట్టి నిలబెట్టబోయిరి. పనికి పోవుచున్న నర్సు ఒకామె పరుగున వచ్చి, "నిలబెట్టకండి, కాలు కదల్చకండి!" అని వారించి, 108 వాహనమును పిలిపించెను. వార్త తెలిసి నేను ఆసుపత్రికి పోవునప్పటికి శస్త్రవైద్యుడు తల్లికి చిత్రమును చూపుచుండెను.

"అమ్మా! మోకాలిలో దోషము లేదు. దోషము తుంటిలో నున్నది. తుంటికిని మోకాలికిని శాఖలు పంపు నరము కలదు. కావున తుంటిలోని బాధ మోకాలిలో నున్నట్లు తోచును. బాబు ఎంతకాలముగా కుంటుచున్నాడు?"

"రెండు నెలలుగా నండీ."

"ఆ రెండు నెలలు పలక కొంచెము కొంచెముగా జారినది. నేటి పాటుతో ఒక్కసారిగా జారినది. నడువగలిగిన దినములలో చికిత్స జరిగినచో అపాయము మిక్కిలి తక్కువ. అడుగు వేయలేని స్థితి వచ్చినచో బంతికి రక్తము కొనిపోవు సన్నని నాళములు దెబ్బతినవచ్చును. రక్తము అందని ఎముక నశించి కుంగును."

నేను తలయెత్తి ఆ తల్లి ముఖము చూడలేకపోతిని.

వైద్యులు ఆనాడే శస్త్రచికిత్స చేసి, పలక మరల జారకుండ మెడగుండ బంతిలోనికి లోహపు మరమేకును బిగించిరి. చాల వారములు వాడు చంకకర్రలతో నడచెను. ఐనను బంతిలో కొంతభాగమునకు రక్తము అందలేదు. కుడికాలు ఒక వ్రేలెడు పొట్టియయ్యెను. ఇంటికి పంపునపుడు వైద్యుడు, "ఒక తుంటి జారినవారిలో పలువురికి రెండవదియు జారును. ఎడమవైపు తొడగాని మోకాలుగాని నొప్పి పెట్టినచో ఆనాడే రావలెను" అని హెచ్చరించెను.

ఏడు నెలల పిదప బాలుడు నా గది గుమ్మమున నిలబడి, మెల్లగా, "సార్! ఎడమ మోకాలు..." అనెను. నేను వాక్యము పూర్తి కానీయలేదు. వానిని కుర్చీలో కూర్చుండబెట్టి, అడుగు వేయనీయక, తల్లికి ఫోను చేసి, ఆసుపత్రికి తీసికొనిపోతిని. పలక జారుట అప్పుడే ఆరంభమైనది. మరునాడే మరమేకు బిగించిరి. నేడు ఆ ఎడమకాలు నిర్దోషముగా నున్నది. వ్యాధి యొకటే, చికిత్స యొకటే. ఒక కాలికి రెండు నెలలు ఆలస్యమైనది, రెండవదానికి ఒక్క దినము.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. 16వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే దీనిని గూర్చి వ్రాసెను. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనిపెట్టిన పిదప దీనిని కన్నులార చూడగలుగుట సాధ్యమయ్యెను. ఇది బాలురకు ఎక్కువగాను, బాలికలకు కొంత తక్కువగాను వచ్చును. స్థూలకాయులలో ఎక్కువ, ఐనను సన్ననివారికి రాదని తలపరాదు. థైరాయిడు మొదలగు గ్రంథుల లోపమున్నవారికిని, మూత్రపిండముల వ్యాధి గలవారికిని ఇది రావచ్చును. ఇది ఎవరి తప్పును కాదు, అంటువ్యాధియు కాదు.

కావున ఈ గుర్తులను మనస్సున నుంచుకొనుడు. దెబ్బ తగులకయే గజ్జలలోగాని, తొడలోగాని, మోకాలిలోగాని నొప్పి కలిగి కుంటు వచ్చుట. పాదము వెలుపలికి తిరుగుట. మోకాలిని రొమ్ము వైపునకు మడచినపుడు తొడ తనంతట ప్రక్కకు పోవుట. ఇట్టివి కనబడినచో ఆటలు మానవలెను; మర్దనము చేయింపరాదు; ఎముకల వైద్యునికి చూపవలెను. మోకాలికే గాక రెండు తుంట్లకును, ఎదుటి నుండియు ప్రక్క నుండియు ఎక్స్‌రే తీయింపవలెను. అడుగు వేయలేనిచో ఒక గడియయు ఆలసింపరాదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వాసులకు వైద్యము దూరమైనది కాదు. నిజాము ధర్మనిధివారు ఎముకల వైద్యమునకై 1960 దశకమున పంజగుట్టలో నెలకొల్పిన ఆసుపత్రియే నేటి నిమ్స్. అదే మెట్రోమార్గమున పంజగుట్ట స్టేషను కలదు.

బాలబాలికలారా! మీ నొప్పిని దాచకుడు. ఒకరు నవ్వినచో మరియొకరికి చెప్పుడు. వారును వినకున్న వేరొకరికి చెప్పుడు. తోటివాడు కుంటుచుండగా నవ్వక, వాని సంచిని మీరు మోయుడు, పెద్దలకు తెలుపుడు. ఆ బాలుడిప్పుడు కళాశాలలో చదువుచున్నాడు. ఎల్.బి.నగర్ స్టేషనులో అప్పుడప్పుడు నాకు కనబడి నమస్కరించును. వాడు కొంచెము ఒరుగుచు నడచిపోవుచుండగా, ఆనాటి ప్రార్థనవేళ నాకు జ్ఞప్తికి వచ్చును.

ప్రశ్నలు

1. పెరుగుదల పలక యనగా నేమి? అది ఏల బలహీనమైన చోటు?
2. తుంటిలోని బాధ మోకాలిలో నున్నట్లు ఏల తోచును?
3. ప్రధానోపాధ్యాయుడు దేనికి చింతించెను? రెండవసారి ఏమి చేసెను?
4. మీ తరగతిలో ఒకరు కుంటుచున్నచో మీరేమి చేయుదురు?