రోడ్డు దాటే పెద్దల కోసం

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు ఉన్న రోడ్డు విజయవాడ జాతీయ రహదారే గాక, ఇరువైపుల కాలనీలవారికి బజారు వీధి కూడా. 2018 నుండి ఎల్.బి.నగర్ ప్రాంతంలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వరుసగా వచ్చాయి. వాహనాలకు సుఖమే. మరి నడిచేవారికి?

సిగ్నల్ సమయాన్ని సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడకతో లెక్కిస్తారు. ఆ లెక్కన 24 మీటర్లు దాటడానికి 20 సెకన్లు. మోకాళ్ల నొప్పులతో సెకనుకు 0.8 మీటర్లే నడిచే పెద్దలకు 30 సెకన్లు కావాలి. ఆ పది సెకన్లే ప్రాణాంతకం. గంటకు 50 కిలోమీటర్లకు బదులు 65 వేగంతో కారు ఢీకొంటే పాదచారి మరణించే ప్రమాదం 4.5 రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ఇటువంటి రోడ్డుకు మధ్యలో ఆగి నిలబడే చోటు, ఎక్కువ సిగ్నల్ సమయం తప్పనిసరి.

అంతవరకు, 2018 సెప్టెంబరు 24న ఈ మార్గంలో ప్రారంభమైన మెట్రో స్టేషన్లు ఉన్నాయి. లిఫ్టులో పైకి వెళ్లి, టికెట్ లేకుండానే అవతలివైపు దిగవచ్చు. ఇంట్లో పెద్దలకు ఒకసారి చూపించండి.