సలహా మండలి - జవాబుదారీ

'సలహా', 'జవాబుదారీ' అను రెండు మాటలును మన తెలుగునకు ఉర్దూ ద్వారమున వచ్చినవి. మొదటిది చెప్పువారి ధర్మమును, రెండవది విని అధికారము నెరపువారి ధర్మమును తెలుపును. వాతావరణ మార్పును గూర్చి ప్రభుత్వమునకు సలహా యిచ్చు మండలి యెట్లుండవలెనను ప్రశ్నను ఈ రెండు మాటల వెలుగున పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ ప్రశ్న అచ్యుతాపురమునకు దూరపుది కాదు. ఇచట ఒక దిక్కున ప్రత్యేక ఆర్థిక మండలి కర్మాగారములు, మరొక దిక్కున పూడిమడక మత్స్యకారుల పడవలు కలవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరము దాటినది. 2025 జనవరి 8న పూడిమడక హరిత హైడ్రోజన్ కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. సముద్రము, గాలి, ఉపాధి ముడివడిన ఇట్టి చోట సలహా చెప్పువారెవరను విషయము ప్రతి యింటికిని సంబంధించినదే.

1. మండలి కూర్పు

మనకు దగ్గరి ఉదాహరణము కాలుష్య నియంత్రణ మండలి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టము ననుసరించి మన రాష్ట్ర మండలి 1976లో ఏర్పడినది. అధ్యక్షుడు, సభ్య కార్యదర్శి గాక, అధికారులు ఐదుగురికి మించకుండ, స్థానిక సంస్థల సభ్యులు ఐదుగురికి మించకుండ, ప్రభుత్వ సంస్థల ప్రతినిధులు ఇద్దరు ఉందురు. వ్యవసాయము, మత్స్య పరిశ్రమ, పరిశ్రమలు, వాణిజ్యము మొదలగు వర్గములన్నిటికిని కలిపి అనధికారులు ముగ్గురే. ఆ ముగ్గురిలో మత్స్యకారుల పక్షమున ఒకరుండి తీరవలెనను నిర్బంధము లేదు.

నిపుణుల మాట వేరొకటి. హిమాయత్‌సాగర్ సమీపమున తలపెట్టిన నూనె కర్మాగారపు వివాదమున, 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు జస్టిస్ ఎం. జగన్నాథరావు గారు పర్యావరణ వివాదముల విచారణలో న్యాయమూర్తులతోపాటు శాస్త్రజ్ఞులును ఉండుట అవసరమనిరి. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టము నిపుణ సభ్యులకు స్థానము కల్పించినది.

నిపుణులా, ప్రతినిధులా అని వాదించుటకన్న ఇరువురి పనిని వేరుగా గుర్తించుట మేలు. సముద్రమట్ట మెంత పెరుగునో శాస్త్రజ్ఞుడు లెక్క కట్టగలడు. తీరము కోసుకుపోయినపుడు పడవ నెచట నిలుపవలెనో, వల నెచట ఆరబెట్టవలెనో మత్స్యకారుడే చెప్పగలడు.

నియమించు అధికార మెవరిదను ప్రశ్నయు ముఖ్యమే. 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించిన సవరణ, రాష్ట్ర మండలి అధ్యక్షుని నియమించు పద్ధతిని నిర్ణయించు అధికారమును కేంద్రమునకు ఇచ్చినది. చర్చలో, ఇది సమాఖ్య స్ఫూర్తికి విరుద్ధమను ఆక్షేపణ వచ్చినది. అయితే శాసనసభ తీర్మానము చేసిన రాష్ట్రములకే ఆ సవరణ వర్తించును. కావున ఇందు శాసనసభ్యుల బాధ్యత స్పష్టము.

2. జవాబుదారీ

బ్రిటన్‌లో 2008 నాటి వాతావరణ మార్పు చట్టము ఒక స్వతంత్ర సలహా సంఘమును నెలకొల్పినది. అధ్యక్షునితోపాటు ఐదుగురి నుండి ఎనమండుగురు సభ్యులుందురు. సంఘము ఏటా జూన్ 30 లోపల పార్లమెంటునకు నివేదిక సమర్పించవలెను. ప్రభుత్వము అక్టోబరు 15 లోపల దానికి సమాధానమీయవలెను. సలహాను త్రోసిపుచ్చవచ్చును గాని మౌనము వహించరాదు. 2050 నాటికి వాయు ఉద్గారములను నూటికి 60 పాళ్లు తగ్గించవలెనను తొలి ప్రతిపాదన, సంఘము సలహాపైననే 80 అయినది. 2019లో నికరముగ నూరు పాళ్లయినది.

మన దేశమున 2007లో ఏర్పడిన ప్రధానమంత్రి వాతావరణ మార్పు మండలి కార్యనిర్వాహక నిర్ణయముచే పుట్టినదే గాని చట్టముచే కాదు. కాలుష్య మండలి వార్షిక నివేదికను, ఆర్థిక సంవత్సరము ముగిసిన తొమ్మిది నెలలలో శాసనసభ ముందుంచవలెనని 1974 చట్టము చెప్పుచున్నది. ప్రభుత్వము దానికి సమాధానమీయవలెనను విధి మాత్రము ఆ సెక్షనులో లేదు. అనగా సలహాకు తోవ ఉన్నది, జవాబునకు గడువు లేదు.

3. ముగింపు

వాతావరణ మార్పు దుష్ఫలితముల నుండి రక్షణ పొందుట ప్రజల హక్కని 2024 మార్చి 21న సుప్రీంకోర్టు గుర్తించినది. హక్కునకు తగిన చట్టము చేయునపుడు సభ మూడు విషయములను విస్మరింపరాదు: నష్టపోవు ప్రజలకు మండలిలో స్థానము, ప్రతి సభ్యుడును తన స్వప్రయోజనములను ముందుగ వెల్లడించుట, నివేదికకు ప్రభుత్వము గడువులో వ్రాతపూర్వకముగ సమాధానమిచ్చుట. పేరు గల పెద్దలు కూర్చున్నంత మాత్రమున మండలి గొప్పది కాజాలదు. వారి మాటకు జవాబు చెప్పవలసినవారు ఉన్నప్పుడే సలహాకు విలువ.

విద్యార్థులారా, శాసనసభ ముందుంచబడు నివేదికలను చదువుట, మన యలమంచిలి నియోజకవర్గ ప్రతినిధిని వానిని గూర్చి మర్యాదతో ప్రశ్నించుట మన వంతు.